అరువు గొంతు

స్టాఫ్‌రూమ్, ల్యాబ్ పక్కన
సోమవారం

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తితే బావగారే ఎత్తుతారు. మొన్న స్నానం చేస్తోందన్నారు, నిన్న పడుకుందన్నారు, ఇవాళ పొద్దున మళ్లీ స్నానమన్నారు. ఇంత శుభ్రమైన మనిషివి ఎప్పుడయ్యావో నాకు తెలియదు. ఉత్తరం రాస్తేనే జవాబిస్తానని పంతం పట్టావు కాబట్టి రాస్తున్నాను. పేపర్లు దిద్దే ఎర్ర పెన్నే చేతికి దొరికింది, తిడుతున్నానని అనుకోకు.

నువ్వు బదిలీ పెట్టుకుని ఆ అనువాదాల ఆఫీసుకి వెళ్లిపోయాక భాషా ల్యాబ్ నా నెత్తిన పడింది కదా. నీ కాలం నాటి టేపులూ, మీట నొక్కితే మొరాయించే డబ్బాలూ ఇప్పుడు లేవు. బూత్‌కో కంప్యూటరు, ఒక హెడ్‌సెట్. నా బల్ల మీద పెద్ద తెర, తెర మీద బూత్‌కో గడి. లోపల ఎవరైనా మాట్లాడితే ఆ గడి పచ్చగా వెలుగుతుంది. దాన్ని నొక్కితే ఆ గొంతు నా చెవిలో పడుతుంది. నేను వింటున్నట్టు అవతలివాళ్లకు తెలియదు. మొదట్లో పక్కింటి గోడకి చెవి ఆనించినట్టు సిగ్గేసింది గానీ ఇప్పుడు అలవాటైపోయింది.

పాఠాల్లో గొంతు మాత్రం నీదే. కొత్తగా రికార్డు చేయించే తీరిక ఎవరికీ లేక నీ పాత టేపులే యంత్రంలోకి ఎక్కించారు. పిల్లలు నీకు డబ్బా అత్తయ్య అని పేరు పెట్టారు. డబ్బా అత్తయ్య ఆ పరాయి భాషలో ఒక వాక్యం చెబుతుంది, పిల్లలు తిరిగి చెబుతారు, యంత్రం రెండు గొంతులూ పోల్చి మార్కులు వేస్తుంది. నువ్వు వద్దు మొర్రో అని మన డిపార్ట్‌మెంటు హెడ్డు గారితో పోట్లాడిన యంత్రం ఇదే.

ఇక అసలు సంగతి. రెండో ఏడాదిలో ఒక అమ్మాయి ఉంది. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుంది క్లాసులో. పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది, నేల చూస్తుంది, కూర్చుంటుంది. తోటివాళ్లు మౌనవ్రతం అంటారు, నేనూ అదే పేరు వాడతాను. ఆ మౌనవ్రతానికి రికార్డింగుల్లో తొంభై ఎనిమిది మార్కులు వస్తున్నాయి. ఒకసారి కాదు, ప్రతిసారీ. క్లాసంతటికీ వాగుడుకాయ అయినవాడికి అరవై దాటడం లేదు.

రికార్డింగులు ప్రాక్టీసు గంటల్లో ల్యాబ్‌లో చేయొచ్చు, పాస్‌వర్డ్ ఉంటే ఇంటి నుంచైనా పంపొచ్చు. ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉందో యంత్రానికేం తెలుసు? దాని తరఫున ఇంకెవరో మాట్లాడుతున్నారు అక్కా. నిప్పు లేనిదే పొగ రాదు. రుజువైతే యూనివర్సిటీ నుంచి పేరు కొట్టేస్తారు, అందుకే హెడ్డు గారికి చెప్పే ముందు నిన్ను అడుగుతున్నాను. నువ్వయితే ఏం చేసేదానివి?

చెల్లి


వంటింటి బల్ల
గురువారం

చిట్టీ,

నీ ఎర్ర ఉత్తరం అందింది. పదికి ఆరు మార్కులు. అక్క క్షేమం అడగలేదు కాబట్టి నాలుగు తగ్గించాను.

ఇక్కడ నీళ్లు బాగుంటాయి, అందుకే స్నానాలు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే తల పోటు వస్తోంది, అంతకుమించి ఏమీ లేదు. ఆఫీసులో నా పని కాగితాలతో. ఒక భాషలో వచ్చినదాన్ని ఇంకో భాషలో రాసి పంపడం, అంతే. రోజంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇన్నేళ్లు గొంతు చించుకున్నదాన్ని కదా, నాకు హాయిగానే ఉంది.

డబ్బా అత్తయ్య బాగుంది. ఇంతకన్నా చెడ్డ పేర్లు విన్నాను.

ఆ అమ్మాయి విషయంలో తొందరపడకు. చిన్నప్పుడు నీ రబ్బరు పోతే నాలుగిళ్ల పిల్లల పెట్టెలు సోదా చేయించావు, ఆఖరికి అది నీ జేబులోనే దొరికింది. గుర్తుందా? యంత్రం మార్కులు వేస్తుందంటే నమ్మి నెత్తిన పెట్టుకున్నావు. ఇప్పుడు మంచి మార్కులు వేసిందని అనుమానిస్తున్నావు. యంత్రాన్ని నమ్మితే పూర్తిగా నమ్ము, లేదా నాలాగా మొదటి నుంచీ నమ్మకు.

కిటికీ పక్క మూల బూత్‌లో ఒదిగి కూర్చుని తన పని తాను చేసుకునే పిల్ల నీకేం అడ్డొచ్చింది? క్లాసులో మాట్లాడకపోవడం నేరమా? ఊరుకో. హెడ్డు గారి దాకా వెళ్లకు. ఆయన విన్నాక మన చేతిలో ఏమీ ఉండదు.

సెలవులకి ఇక్కడికి వస్తానని బావగారితో అన్నావట. వద్దు. ఇల్లు ఇంకా సర్దుకోలేదు.

అక్క


స్టాఫ్‌రూమ్
మంగళవారం

అక్కా,

క్షేమమా? అడిగాను, నాలుగు మార్కులూ ఇచ్చేయి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో నేను రాయలేదు. కిటికీ పక్క మూల బూత్ అని నీకెలా తెలుసు? నేను రాసినవన్నీ గుర్తు తెచ్చుకున్నాను. పరీక్షల్లో ఇలాంటి జవాబు ఎవరైనా రాస్తే పక్క పేపర్ చూసి రాశారని సున్నా పెడతాను. వెళ్లి ఏడాది దాటిందా? ఇంకా ఇల్లు సర్దుకోలేదా? బావగారు అబద్ధం చెప్పే ముందు గొంతు సవరించుకుంటారని పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాను. నిన్న ఫోన్‌లో రెండుసార్లు సవరించుకున్నారు.

సరే, నువ్వు చెప్పేదాకా నేను చూసినది చెబుతాను. ప్రాక్టీసు గంటలో అందరూ వెళ్లిపోయినా మౌనవ్రతం ఉండిపోయింది. నేను నా బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చున్నాను. దాని గడి పచ్చగా వెలిగింది. నొక్కి విన్నాను. పాఠం వినిపించింది, నీ గొంతు. అంతే వినిపించింది. అది నాకు వీపు పెట్టి కూర్చుంది, భుజాలు కదులుతున్నాయి. మైకు ముందు డబ్బా అత్తయ్యని పెట్టి తాను చెప్పినట్టు రికార్డు చేస్తోందేమో అనుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వ్యవహారం అని మనసులో నవ్వుకున్నాను కూడా.

కానీ సొంత మాటల పరీక్ష ఉంది కదా. మీ ఇంట్లో ఒక గది గురించి మూడు నిమిషాలు మాట్లాడమన్నాను. అది ఏ పాఠంలోనూ లేదు, ఏ టేపులోనూ లేదు. అది పంపిన రికార్డింగు ఇంటికి తెచ్చుకుని విన్నాను. వాళ్ల వంటగది గురించి. పొయ్యి వెనక గోడకి మసి, తలుపు సరిగ్గా పడని అలమర, మూత లేని డబ్బాలు. తప్పు ఒక్కటి లేదు, తడబాటు లేదు. చదువు చెప్పి చెప్పి నలిగిన గొంతు అది. ఇరవై ఏళ్ల పిల్ల గొంతు కాదు.

ఎవరి గొంతో నాకు తెలిసింది అక్కా. ఇక్కడ రాయను. నీకు కూడా తెలుసేమోనని అడుగుతున్నాను. ఒక్కసారి ఫోన్ ఎత్తు. ఒక్క మాట మాట్లాడి పెట్టేయి.

చెల్లి


వంటింటి బల్ల
ఆదివారం

చిట్టీ,

నన్ను బోనెక్కించి అడుగుతున్నావు, కాబట్టి బోనులో నిలబడే చెబుతాను.

ఆ అమ్మాయి నాకు తెలుసు. నేనున్న చివరి ఏడాది మొదట్లో చేరింది. ప్రాక్టీసు గంటల్లో వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. నేను తాళం వేసే వేళ దాకా ఉండేది. తన గురించి ఒక విషయం నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నీకు కూడా చెప్పను. అది మోసం కాదు అని మాత్రం చెబుతాను, నా మాట చాలకపోతే నేనేమీ చేయలేను.

ఆ తెర వెనక కూర్చుని వీపులు చూస్తూ వినడం మానెయ్యి. ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకో. ఒక ప్రశ్న అడుగు. అడిగాక నువ్వు నోరు మూసుకో. గడియారం వైపు చూడకు, మాట అందించకు. నీకిది కష్టం, నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. అయినా ప్రయత్నించు.

ఫోన్ ఎత్తను. ఎందుకని అడగకు.

అక్క


ఇల్లు, మేడ మీది గది
శుక్రవారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పిల్లని నా గదికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆ వంటగది గురించి మాట్లాడింది నువ్వేనా అని అడిగాను. దవడ బిగిసింది, మెడ నరాలు పొంగాయి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఒక్క మాట రాలేదు. నీ మాట మీద గౌరవంతో చాలాసేపు ఆగాను. చివరికి లేచి వెళ్లిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కనిపించింది నాకు. ఇంకేం అనుకోమంటావు?

ఇక నాన్చను. ఆ రికార్డింగులో గొంతు నీది.

నీ పక్కన పడుకుని పెరిగినదాన్ని. పొడుగు వాక్యం మొదలుపెట్టే ముందు నువ్వు చిన్నగా ఊపిరి తీసుకుంటావు, అది ఉంది. వాక్యం చివర మాటని వదలబుద్ధి కానట్టు సాగదీస్తావు, అది ఉంది. ప్రశ్న అడిగితే నువ్వు జవాబు ముందే తెలిసినదానిలా అడుగుతావు, అదీ ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హెడ్‌సెట్‌లో నీ గొంతు వింటూ బతుకుతున్నాను, పొరబడతానా?

ఎందుకు చేశావో కూడా ఊహించాను. యంత్రం వద్దన్నావు, ఎవరూ వినలేదు. మనిషి గొంతుని లెక్కలు ఏం తూస్తాయని హెడ్డు గారి ముఖం మీదే అన్నావు. అలిగి వెళ్లిపోయావు. ఇప్పుడు ఒక మొద్దు పిల్ల పాస్‌వర్డ్ తీసుకుని, నీ ఊళ్లో నువ్వు కూర్చుని, యంత్రాన్ని వెర్రిదాన్ని చేస్తున్నావు. యంత్రంతో పాటు నన్ను కూడా. నువ్వు వదిలిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారనా? నేను అడగలేదు ఆ కుర్చీని. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో కూడా ఇప్పుడు అర్థమైంది. ఎత్తితే గొంతు పోల్చి చూస్తానని భయం. ఇంటికి రావద్దనడమూ అందుకే.

నీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. దాని కింద ఏడుపు ఉంది, అది కూడా చెప్పలేను.

హెడ్డు గారికి చెప్పేశాను. వచ్చే శుక్రవారం విచారణ కమిటీ కూర్చుంటుంది. రికార్డింగులో గొంతు ఆ పిల్లది కాదని రాసిచ్చాను. ఎవరిదో రాయలేదు. నీ పరువు కాపాడాను. పాము చావకుండా కర్ర విరగకుండా అంతకన్నా చేయలేను. ఈ ఉత్తరం చించెయ్యి.

చెల్లి


వంటింటి బల్ల
బుధవారం

చిట్టీ,

చించను.

నా పరువు కాపాడావా? నీ లెక్క ప్రకారం దొంగలు ఇద్దరు. ఒకరు మీ అక్క, ఒకరు ఎవరి పిల్లో. అక్క పేరు దాచి పరాయి పిల్లని అప్పజెప్పావు. నేను నిజంగా దొంగనైనా ఇందుకు నిన్ను మెచ్చుకోను.

ఇక నా సంగతి. చెప్పకూడదనుకున్నాను, చెప్పించావు.

యంత్రం మీద అలిగి వెళ్లానని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను, నాకు అదే తేలికగా ఉంది. అప్పటికే గొంతు జీరబోయింది. క్లాసులో రెండో గంటకి మాట పూర్తిగా ఆగిపోయేది, పిల్లలకి రాతపని ఇచ్చి గడిపేదాన్ని. ఇక్కడికి రాగానే పెద్దాసుపత్రిలో చూపించుకున్నాం. గడ్డ అన్నారు. గొంతులో మాట పుట్టే పెట్టెనే తీసేయాలన్నారు, తీసేశారు. ఇప్పుడు మెడకి కింద ఒక రంధ్రం ఉంది. అందులోంచే ఊపిరి పీలుస్తాను, పైన మెత్తటి గుడ్డ కట్టుకుంటాను. తింటున్నాను, నడుస్తున్నాను, ఆఫీసుకి వెళుతున్నాను. ప్రాణానికి భయం లేదని డాక్టరు అంటున్నాడు. మాట మాత్రం లేదు. గుసగుస కూడా లేదు. మెడకి ఆనించి మాట్లాడే పరికరం ఒకటి ఇచ్చారు. అందులోంచి వచ్చేది సీసాలో పడ్డ ఈగ మోతలా ఉంటుంది. ఒకసారి పెట్టుకుని బావగారిని పిలిచాను. ఆయన నవ్వబోయి వంటింట్లోకి వెళ్లి ఏడ్చారు. దాన్ని అలమరలో పెట్టేశాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఫోన్ చేసి ఏడుస్తావు. ఏడ్చేవాళ్లని ఊరడించడానికి నా దగ్గర గొంతు లేదు. అంతే. ఇందులో గొప్పతనం ఏమీ లేదు. నాకు గర్వం ఎక్కువని నీకు తెలుసు, నా గర్వమంతా ఆ గొంతులోనే ఉండేదని కూడా తెలుసు.

మొన్న ఆ పిల్ల పంపిన రికార్డింగులో మాట్లాడింది నేను కాదు. కాలేను. నీ చెవుల మీద నీకు అంత నమ్మకం ఉంటే, అవి విన్నది ఏమిటో నువ్వే తేల్చుకో.

అక్క


స్టాఫ్‌రూమ్
శనివారం

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నువ్వు దానికన్నా ఒక రోజు ముందే వచ్చి వెళ్లావు. నువ్వు అందులో రాసినదంతా నిన్న అందరి ముందూ నీ మెడ చూసి తెలుసుకున్నాను.

జరిగింది నీకు తెలుసు. అయినా రాస్తాను, నా నోటితో నేను చెప్పుకోవాలి.

నువ్వు తలుపు తోసే ముందు హెడ్డు గారు నన్ను అడిగారు, ఈ గొంతు ఎవరిదో మీకేమైనా తెలుసా అని. తెలియదండీ అన్నాను. ఆ అమ్మాయి నా ఎదురుగా నిలబడి ఉంది. అంతకుముందు వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకీ దవడ బిగుసుకుని, ఒక్క అక్షరం బయటికి రాక, చెమటలు పోసి ఉంది. జవాబు లేదంటే ఒప్పుకున్నట్టేనని కమిటీలో పెద్దాయన కాగితం మీద రాసుకుంటున్నాడు. అప్పుడు నువ్వు వచ్చావు. ఎంత సన్నబడ్డావు. నేను లేచి నిలబడ్డాను గానీ నీ దగ్గరికి రాలేకపోయాను.

నువ్వు పలక లాంటి అట్ట మీద రాసి అందరికీ చూపించావు. ‘ఆ గొంతు నాదని మా చెల్లెలు అనుకుంటోంది.’ తరవాత మెడకున్న గుడ్డ తీశావు.

హెడ్డు గారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఈవిడ మీ అక్కగారా అని నన్ను అడిగారు. నాకు గొంతు పెగల్లేదు. నీ ముందు నిలబడి నాకు గొంతు పెగల్లేదని రాయడానికి సిగ్గుగా ఉంది.

“మా అక్కేనండీ” అన్నాను. “గొంతు ఎవరిదో తెలుసు అనుకున్నాను. అనుకుని మీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు తెలిసింది, నాకేమీ తెలియదని.”

నువ్వు నా వైపు చూడలేదు. ఆ అమ్మాయి వైపు చూశావు. చెప్పనా అని కళ్లతో అడిగావు, తను తలూపింది. అప్పుడు రాశావు, తనకి నత్తి అని. పుట్టినప్పటి నుంచీ ఉందని, తన భాషలో పేరు చెప్పుకోవడానికే నిమిషం పడుతుందని, ఇంకో గొంతుతో కలిపి గానీ, దాని తీరునే పట్టుకుని గానీ మాట్లాడితే మాత్రం నత్తి రాదని. నమ్మకపోతే ల్యాబ్‌కి రండి అని రాశావు.

కమిటీ అంతా ల్యాబ్‌కి వచ్చింది. తను కిటికీ పక్కన కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుంది. నన్ను నా బల్ల దగ్గరికి పంపావు. పాఠం పెట్టాను, గది స్పీకర్లలోకి వదిలాను. నీ గొంతు వచ్చింది. దానితో పాటే తన గొంతూ వచ్చింది, మాటకి మాట, ఊపిరికి ఊపిరి. ఆ రోజు వీపు వెనకనుంచి విన్నప్పుడు నాకు ఒక్క గొంతే వినిపించింది ఇందుకే. నువ్వు నా పక్కకి వచ్చి చెయ్యి కిందికి దించుతూ సైగ చేశావు. నీ గొంతు తగ్గించమని. మీట మీద వేలు పెట్టాను అక్కా. ఉన్న ఒక్క చోట కూడా నీ గొంతుని నా చేతే తగ్గిస్తున్నాను అనిపించింది. కొద్దికొద్దిగా తగ్గించాను. పూర్తిగా ఆగిపోయింది. తను ఆగలేదు. పాఠం దాటి, సొంత మాటల్లోకి వెళ్లి, వాళ్ల వంటగది గురించి చెప్పసాగింది, పొయ్యి వెనక మసి గురించి, వాళ్ల అమ్మ తలుపు పడని అలమరకి గుడ్డముక్క కుక్కి మూస్తుందని. నీ ఊపిరి, నీ సాగతీత. కమిటీ పెద్దాయన చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

పక్కపక్కన పెట్టి వింటే గొంతులు ఒకటి కావు. తనది సన్నం. నీది తనకన్నా కాస్త బొంగురు. అనుమానం చెవిలో పెట్టుకుని వింటే ఆ తేడా వినిపించలేదు. ఆ రోజు నా గదిలో తన దవడ బిగుసుకుపోయినప్పుడు నువ్వు చెప్పినట్టే ఆగానని రాశాను. ఆగాను నిజమే, పట్టుకుందామని ఆగాను. వినడానికి కాదు.

ఆరోపణ కొట్టేశారు. తన పేరు ఉంటుంది, మార్కులు ఉంటాయి. ఇక మీద మౌఖిక పరీక్షలో ఎంత సమయం కావాలంటే అంత ఇవ్వాలని హెడ్డు గారు అందరికీ చెప్పారు. నా మీద చర్య ఉంటుందో లేదో ఇంకా తెలియదు. ఉండాలి కూడా. తనకి క్షమాపణ చెప్పాను, విని తల వంచుకుంది, ఏమీ అనలేదు. ఏం అనాలనుకుందో తెలుసుకునే హక్కు నాకు ఇంకా రాలేదు.

కారిడార్‌లోకి పరుగెత్తుకొచ్చి చూస్తే నువ్వు లేవు. ఇంటికి వస్తావని సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నాను. బావగారికి ఫోన్ చేశాను. ఆయన ఈసారి గొంతు సవరించుకోలేదు. బస్సెక్కిందమ్మా అన్నారు.

నన్ను తిట్టి రాయి. ఎంత పెద్ద ఉత్తరమైనా చదువుతాను. రాయకుండా మాత్రం ఉండకు.

చెల్లి


వంటింటి బల్ల
మంగళవారం

చిట్టీ,

తిట్టడానికి నాలుగు కాగితాలు తీసి పెట్టుకున్నాను. బావగారు చూసి, కాస్త తక్కువ తిట్టు, చిన్నది కదా అన్నారు. నలభై దాటిన చిన్నది.

ఇంటికి ఎందుకు రాలేదంటే, వస్తే నువ్వు కాళ్ల మీద పడేదానివి. నేను లేవదీయాల్సి వచ్చేది. ఆ రోజు నాకు అంత ఓపిక లేదు, అంత మనసూ లేదు. నువ్వు నన్ను దొంగ అనుకున్నందుకు కాదు. అనుమానం నీ పుట్టుమచ్చ, దాంతోనే పెంచాం నిన్ను. ఏడాదిగా నేను ఫోన్ ఎత్తకపోతే నీకు తట్టిన కారణాలన్నిట్లోనూ నాకు ఒంట్లో బాగోలేదేమో అన్నది ఒక్కటి లేదు. అది గుచ్చుకుంది. నేను దాచాను నిజమే. దాచినా కనిపెడతావని లోపల ఎక్కడో ఆశపడ్డాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

బస్టాండులో జరిగింది నీకు చెప్పాలి. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆ పిల్ల రొప్పుతూ వచ్చింది, ల్యాబ్ నుంచి పరుగెత్తిందట. నా ముందు నిలబడి మన భాషలోనే మాట్లాడటం మొదలుపెట్టింది. నా గొంతుతో కాదు. తన గొంతుతో, తన నత్తితో. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. దవడ బిగిసింది. నేను ఆగాను. బస్సు వచ్చింది, కండక్టరు అరిచాడు, నేను లేవలేదు. బస్సు వెళ్లిపోయింది. జనం మమ్మల్ని వింతగా చూశారు, చూడనీ అనుకున్నాను. ఒక నోరు లేనిది, ఒక నోరు రానిది, మాకెందుకు తొందర?

చివరికి చెప్పింది.

“మీ గొంతు తీసేసుకున్నాను. మీకది లేదని నాకు తెలీదు. తిరిగి ఎలా ఇవ్వాలో తెలీటం లేదు.”

ఇంత మాట. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది చిట్టీ. గొంతు లేకపోతే ఏడుపు కూడా చప్పుడు చేయదు, ఎవరికీ తెలియలేదు, తనకి తప్ప. అట్ట తీసి, ఉంచుకో అని రాశాను. దాని కింద ఇంకో మాట రాశాను, ఇప్పుడు మాట్లాడావే, ఆ గొంతుని కూడా వాడుతూ ఉండు అని. అట్ట మీద కాగితం చింపి ఇమ్మంది, ఇచ్చాను. తరవాతి బస్సు దాకా నా పక్కనే కూర్చుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆపరేషన్ అయ్యాక ఇంత సుఖంగా నేను ఎవరి పక్కనా కూర్చోలేదు.

హెడ్డు గారికి చెప్పి పాఠాలకి కొత్త గొంతులు రికార్డు చేయించు. ఒకటి కాదు, నాలుగైదు రకాలవి. పిల్లలకి ఎంచుకోవడానికి ఉండాలి. నాది తీసేయాల్సిన పని లేదు, చివర ఎక్కడో ఉండనీ.

సెలవులకి రా. ఇల్లు ఎప్పుడో సర్దుకున్నాం. నా మెడ చూసి మొదటి రోజు ఏడువు, అభ్యంతరం లేదు. రెండో రోజు నుంచి నువ్వు మాట్లాడుతూ ఉండు, ల్యాబ్ కబుర్లూ, వాగుడుకాయ కబుర్లూ, ఏవైనా సరే. నేను వింటాను. పలక్కపోతే కోపంతో ఉన్నానని అనుమానపడకు. కోపం వస్తే రాసి చూపిస్తాను.

అక్క